ఎడమ వెలుగు

విదియ

ఈ లాగ్ రాయాల్సింది మా బావ కోదండం. మెరకపాలెం నీటి స్టేషన్‌కి ఆయనే ఇన్‌ఛార్జి. ఈరోజు పెన్ను బల్ల మీద పడేసి, "రాయడానికేటుందిరా మసేనూ? వెలుగు రానేదు. ఆ ముక్కేదో నువ్వే రాయి" అని వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. అందుకని రాస్తున్నాను. చిన్నప్పుడు ఎనిమిదో తరగతి మధ్యలో ఒడ్డు హాస్టల్ గోడ దూకి వచ్చేసినవాణ్ణి. తప్పులుంటే ఉంటాయి.

వెలుగు రాలేదు.

రోజూ తెల్లారగానే ఒడ్డు నుంచి సముద్రం అడుగున గాజు తీగలో మేలుకొలుపు వస్తుంది. ఆ వెలుగుకి ఊరు పెట్టుకున్న పేరది. అది వచ్చేలోపు నేను అద్దం మీద ఉప్పు తుడవాలి, తీగ మూతి చూడాలి, చల్లపెట్టె గురక పెడుతోందో లేదో చెవి ఆనించి వినాలి. ఆ పెట్టెలో గోరంత పలక ఉంది. పలకలో బొంగరాలున్నాయి. బావ వాటిని ఎలక్ట్రాన్లంటాడు, అవి తిరగడాన్ని స్పిన్ అంటాడు. మాకు మాత్రం బొంగరాలే. సుడి తిరిగే వెలుగు వచ్చి తగిలితే అవన్నీ ఒకే జతగా తిరుగుతాయి. అవి జతగా ఉన్నంతసేపే పలకకి బుర్ర పనిచేస్తుంది. పలకకి బుర్ర ఉంటేనే మిషను సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీస్తుంది. మర్నాడు తెల్లారేసరికి బొంగరాలు చెదిరిపోతాయి. మళ్లీ వెలుగు కావాలి.

ఒక్కరోజులోనే ఎందుకు మర్చిపోతాయని ఒకసారి అడిగితే బావ చెప్పాడు. ఒడ్డువాళ్లు పలకని అలాగే చేయించారట, కావాలనే.

వెలుగు అందితే వెలిగే పచ్చదీపం ఈరోజు వెలగలేదు. తెర మీద మాటలు వచ్చాయి. "గడువు ముగిసినది. నీటి సేవ నిలిపివేయబడినది. పౌర్ణమికి పడవలు వచ్చును. కుటుంబానికి రెండు సంచులు."

ఇంతకుముందు కూడా ఖాళీ చెయ్యమని రెండుసార్లు చెప్పారు. ఆ రెండుసార్లూ మేం వేటకి వెళ్లిపోయాం. ఈసారి మా నీళ్లే ఆపేశారు.

తదియ

వలలు బాగుచేసుకునే బల్ల మీద ఊరంతా చేరింది. మా ఊరు స్తంభాల మీద ఉంటుంది. పాత ఊరు సముద్రం కింద ఉంది. మధ్యలో సరంగు కారమ్మ కూర్చుంది. ఆమె మాట లేనిదే ఇక్కడ ఏ పడవకీ తాడు విప్పరు.

గవరయ్య మావ ముందు లేచాడు. "ఒడ్డుకెల్లిపోతే తప్పేటి? గదులిస్తన్నారు. పంపు తిప్పితే నీల్లు. ఇక్కడేటుంది? ఉప్పుంది, గాలుంది, మసేనుగాడి నోరుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి లేచాను.

"మావా, నాను ఆ ఒడ్డు సూసొచ్చినోన్ని. మంచం మీద మంచం, దాని మీద ఇంకో మంచం. కిటికీలోంచి సూస్తే ఇంకోడి కిటికీ. నీ పడవ రెండు సంచుల్లో పడతాదేటి? పడవ నేకుండా అక్కడేటి సేస్తావు? గోడ మీద సేపలు గీస్తావా?"

"ఇక్కడ నువ్వేటి సేస్తావు? ఉప్పునీల్లు తాగుతావా?"

"వెలుగు మనమే సేసుకుందాం."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. బావ నా చొక్కా పట్టి లాగాడు. "కూకోరా. అది కొవ్వొత్తనుకున్నావా?"

"స్టేషన్లో పరీక్ష దీపముంది కదా బావా. పలక కడిగినప్పుడు దాంతోనేగా సూస్తావు?"

బావ నా చొక్కా వదిలేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "దానికి సీలుంది. సీలు తీస్తే నా ఉజ్జోగం పోద్ది."

ఆడవాళ్ల వైపు నుంచి మా అప్ప నూకాలు గొంతు వినబడింది. బావ పెళ్లాం. "నీల్లే నేకపోతే నీ ఉజ్జోగం పిండుకుని తాగుతామేటి?"

ఈసారి బావ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

కారమ్మ చెయ్యెత్తింది. "ట్యాంకులో ఉన్నవి రోజుకి ఇంటికో బిందె. పౌర్నం లోగా మన నీల్లు మనకొస్తే ఉందాం. రాకపోతే సంచులు కట్టుకుందాం. మల్లీ దీనిమీద మాటనేదు."

పంచమి

బావ సీలు తీశాడు. ముందు మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు, అదీ సముద్రపు నీళ్లతో.

పరీక్ష దీపం వెలుగు మామూలు వెలుగులా పారదు. తునకలు తునకలుగా పడుతుంది. ఒక్కో తునక ఎంత చిన్నదంటే, కన్ను మూసి తెరిచేలోగా ఊళ్లో గవ్వలన్నిటికన్నా ఎక్కువ వచ్చి పడిపోతాయని బావ అంటాడు. తంటా ఏమిటంటే ఆ తునకలు తిన్నగా వస్తాయి. తిన్నటి వెలుగుకి బొంగరాలు లొంగవు, సుడి కావాలి. సుడి పెట్టే ఒడ్డు సామాను తీగ చివర ఇనప పెట్టెలో ఉంది. దాన్ని తెరవబోతే లోపలి అద్దం పగిలిపోతుంది. అది కూడా కావాలని చేసిందే.

"అబ్రకం కావాలి," అన్నాడు బావ. "పల్చటి రేకు. దాన్ని ఒక వాలున పెడితే తిన్నటి వెలుగు సుడి తిరుగుద్ది."

అభ్రకం ఊరంతటికీ ఒక్క చోటే ఉంది. గవరయ్య మావ పాత పొయ్యికి ఉన్న చిన్న కిటికీలో. అడగడానికి భయపడుతూ వెళ్లాను. మావ పొయ్యి మీద గిన్నె దించాడు.

"పీక్కెల్లు. ఎల్లిపోయీవోన్ని, నాకు పొయ్యెందుకు?" అన్నాడు. "నీ దీపం వెలగదు గానీ, నీ మీద జాలేస్తంది."

రేకుని పొరలు పొరలుగా ఒలవాలి. మందమైతే సుడి తప్పుతుంది. చేప పొట్టలో పొర చిరక్కుండా తీసినట్టు గోటితో తీశాను. బావ ప్రతి పొరా దీపానికి అడ్డం పెట్టి చూసి "ఇంకా", "ఇంకా" అంటూనే ఉన్నాడు. నాలుగు పొరలు పాడయ్యాయి. ఐదోది కుదిరింది. దాన్ని చెక్క చట్రంలో బిగించి, ఇరుసు మీద నిలబెట్టాం. చట్రం కుడికి వాలిస్తే వెలుగు కుడి సుడి తిరుగుతుంది. ఎడమకి వాలిస్తే ఎడమ సుడి.

కారమ్మ వచ్చి చూసింది. చట్రాన్ని అటూ ఇటూ ఊపి, ఎడమ పక్క ఒక మేకు కొట్టించింది, ఇక అటు వాలకుండా.

మాలో ఎవరూ ఎందుకని అడగలేదు. మా దగ్గర తాడు చుడితే కుడికే చుడతారు. సముద్రం మీదికి పోయి తిరిగి రాని మనిషి తాడు ఒక్కటే ఎడమకి చుట్టి నీళ్లలో వదులుతారు. ఎడమ తిప్పుడంటే అదే. నేను ఎవరి మాటా విననని ఊరంతా అంటుంది గానీ, ఆ మేకు కొట్టినప్పుడు నాకూ నిమ్మళంగానే అనిపించింది.

సప్తమి

వచ్చాయి! నీళ్లు వచ్చాయి!

పొద్దున్న చట్రం కుడికి వాల్చి, దీపం వేసి, పలక మీదకి వదిలాం. మిషను దగ్గింది. గొట్టం నుంచి ముందు గాలి, తర్వాత తుప్పు, తర్వాత చిన్నపిల్ల ఉచ్చపోసినంత సన్నటి ధార. బావ వేలు పెట్టి నాలుకకి రాసుకున్నాడు. మా అప్ప ఆయన్ని పక్కకి తోసి చెయ్యి పట్టింది.

"తీపి!" అని అరిచింది. "ఒలమ్మో, తియ్యగున్నాయి!"

సాయంత్రానికి గవరయ్య మావ బిందె తెచ్చాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. అదే నాకు కష్టమైంది.

నవమి

నిన్న ధార తగ్గింది. ఈరోజు నీళ్లు ఉప్పగా వస్తున్నాయి. వెలుగు చాలలేదేమోనని ఎక్కువసేపు కొట్టాం. ఇంకా ఉప్పగా వచ్చాయి. ఎంత కొడితే అంత పాడవుతోంది. బావ అన్నం తినడం లేదు. మా అప్ప కంచం ఆయన ఒళ్లో పెట్టి నిలబడింది, అయినా తినలేదు.

ఇంటికో బిందె అన్నది సగం బిందె అయింది. గవరయ్య మావ ఇంటి ముందు సంచులు కనబడ్డాయి.

ఏకాదశి

పొద్దున్నే బావ నన్ను లాక్కెళ్లి పడవలో కూర్చోబెట్టాడు. తనూ నా పక్కనే కూర్చున్నాడు. పడవ ఒరిగింది.

"ఏటయింది?" అన్నాడు.

"ఒరిగింది. ఇద్దరం ఒకే పక్కన్నాం కదా. మతి పోనాదేటి బావా?"

"అదేరా! బొంగరాలు మనం. కింద పలక పడవ. మనం కుడి సుడి, కుడి సుడి అని ఒకే పక్కకి కొడతన్నాం. బొంగరాలే కాదు, వాటి కిందున్న పలక రాయి అణువులు కూడా అటే ఒరిగిపోనాయి. ఇప్పుడా రాయే బొంగరాల్ని తప్పుదారి లాగుతంది."

"మరి ఒడ్డోల్ల వెలుగుకి ఒరగదేటి?"

"వాల్లు రెండు పక్కలా కొడతారు. కొంచెం కుడి, కొంచెం ఎడమ. ట్రైనింగులో సెప్పినారు. పరీచ్చ రాసీసి మర్చిపోనాను."

"అంటే ఇన్నాల్లూ మనం తాగినవి..."

"సగం ఎడమ నీల్లే."

పడవ ఊగేలా నవ్వాను. ఒడ్డువాళ్ల ఇనప పెట్టె మూసి ఉండబట్టి మాకు తెలియలేదు. బావ కూడా నవ్వాడు, కళ్లలో నీళ్లు తిరిగేలా.

వెళ్లి చెబితే కారమ్మ నవ్వలేదు. వల ముడి వేస్తూనే విన్నది.

"ఆల్లు ఏం కొట్టినారో నాకు తెల్దు. నా కల్ల ముందర, బతికున్నోల్ల నీల్లకి సావు తిప్పుడు తిప్పనివ్వను."

"సరంగమ్మా, మరి రాయి ఒరిగిపోనాది కదా..."

"నా మొగుడు తాడు నానే సుట్టినాన్రా మసేనూ. నాకు సెప్పకు."

వెనక్కి తిరిగి స్టేషన్‌కి వచ్చాను. దారిలో గవరయ్య మావ సంచి ముడి బిగిస్తున్నాడు. పైన తెర మీద అవే మాటలు, "కుటుంబానికి రెండు సంచులు". నాకు ఒళ్లు మండింది. పటకారు తీసుకున్నాను. అప్పటికే వెనకాల జనం చేరారు, కారమ్మ కూడా వచ్చింది.

"దోసమంటూ ఉంటే నాకే తగలనీ," అన్నాను అందరికీ వినబడేలా. "నా ఎనకాల ఏడిసీవోల్లు ఎవులూ నేరు."

"నాను సచ్చినానేట్రా, సచ్చినోడా!" అని అరిచింది మా అప్ప.

మేకు పీకేశాను.

చట్రం ఎడమకి వాల్చాలంటే చెయ్యి సాగలేదు. నిజంగా సాగలేదు, మొద్దుబారినట్టయింది. బావ పక్కన నిలబడి వల లాగే కేక అందుకున్నాడు. ఒక కేకకి కుడి, ఒక కేకకి ఎడమ. ఆ కేక వింటే మా చేతులు వాటంతటవే కదులుతాయి. నా చెయ్యి అలా కదిలింది. మధ్యాహ్నం దాకా ఊపుతూనే ఉన్నాను. కారమ్మ అప్పటికే వెళ్లిపోయింది.

ద్వాదశి

ట్యాంకు నిండుతోంది. నీళ్లు మొన్నటికన్నా తియ్యగా ఉన్నాయి. ఎవరూ తాగడం లేదు.

ఇది నేను అనుకోలేదు. నీళ్లు రాకపోతే ఏం చెయ్యాలా అని ఆలోచించాను గానీ, వచ్చాక వద్దంటే ఏం చెయ్యాలో ఆలోచించలేదు. బిందెలన్నీ ఖాళీగా వరసలో ఉన్నాయి. వాటి వెనక జనం, పెదాలు పగిలిపోయి, చూస్తున్నారు. మా అప్ప చెంబు ఎత్తి గటగటా తాగి మూతి తుడుచుకుంది. ఇప్పుడందరూ ఆమెనే చూస్తున్నారు, ఎప్పుడు పడిపోతుందా అని.

"ఏటలా సూత్తారు? నానేటి సినిమానా?" అంది.

గవరయ్య మావ తల తిప్పుకున్నాడు. "సావునీల్లు. పిల్లలకెలా పడతామే?"

అప్పుడు కారమ్మ వచ్చింది. ఎవరి మొహం చూడలేదు. గొట్టం కింద బిందె పెట్టి, నిండేదాకా నిలబడి, దోసిట్లో పట్టి తాగింది. ఇంకో దోసిలి. ఇంకోటి.

"నా మొగుడి తాడు ఎడమకి సుట్టి నీల్లలో ఒగ్గినాను," అంది తడి చేతులు చీరకి తుడుచుకుంటూ. "ఇంటికొచ్చి ఇదే చేత్తో పిల్లగుంటలకి బువ్వెట్టినాను. ఒక్కరైనా సచ్చినారేటి? రాతిరంతా అదే ఆలోసించినాను. ఎడమ తిప్పుడు సావుది కాదర్రా. పోయినోడి కోసం బతికున్నోల్లు సేసీ పని. బతికున్నోల్లే సెయ్యగల్రు." బిందె చంకకెత్తుకుంది. "కానీండి. నాను పొయ్యి మీద ఎసరెట్టాలి."

వరస కదిలింది. తోసుకున్నారు, తిట్టుకున్నారు, ఒకడి బిందెకి సొట్ట పడింది. అంత మంచి తగువు నేనెప్పుడూ వినలేదు.

చతుర్దశి

తెల్లారుతుండగా పచ్చదీపం వెలిగింది, మేం అడగకుండానే.

తెర మీద, "మానవతా దృష్టితో నీటి సేవ పునరుద్ధరించబడినది. అనధికార దీపమును వెంటనే ఆపివేయవలెను." మిషను తిరిగితే ఆ లెక్క తీగలో ఒడ్డుకి చేరుతుంది.

గవరయ్య మావ గంతేసినంత పని చేశాడు. "దిగొచ్చినారు! సూసినారా! ఒడ్డోల్లు దిగొచ్చినారు!"

బావ మాత్రం పలక వైపే చూస్తున్నాడు. "రెండు వెలుగులూ ఒకేసారి పడతన్నాయి. ఆల్లది బలమైంది. మనది ఆగిపోద్ది. ఒక పడవకి ఇద్దరు సరంగులుంటే ఎవులి మాట నెగ్గుద్ది? గట్టిగా అరిసినోడిది."

"రేపు ఆల్లు మల్లీ ఆపీత్తే?" అన్నాను.

"ముందు మన దీపం పట్టుకుపోతారు. అప్పుడు మనం మల్లీ ఎండుతాం."

"అయితే తీగ తెంపీద్దాం." గొడ్డలి తెచ్చాను.

కానీ ఆ తీగలో వెలుగొక్కటే రాదు. చేపల ధర వస్తుంది. ఆసుపత్రి పడవకి కబురు దాంట్లోనే వెళ్తుంది. బావ జీతం దాంట్లోనే వస్తుంది. గవరయ్య మావే అడిగాడు, ఈసారి ఎగతాళి లేకుండా. "తుపానొస్తే ఎవులు సెప్తారు?"

గొడ్డలి దించాను. కారమ్మే జవాబిచ్చింది. ఉన్నదే చెప్పింది.

"మా అయ్య గాలి వాసన సూసి సెప్పీవోడు. కొన్నిసార్లు నిజమయ్యేది. కొన్నిసార్లు కాదు. ఆ కొన్నిసార్లకి మనుసులు పోనారు. ఇప్పుడూ పోతారేమో. అది నాను దాయను. కానీ వాల్లు దయ తల్సినప్పుడు బతికి, దయ తప్పినప్పుడు ఎండిపోవడం నాను సెయ్యను. నచ్చినోల్లు నాతో ఉండండి. నచ్చనోల్లకి రేపు పడవలొస్తన్నాయి. తిట్టను."

గొడ్డలి ఎత్తాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"పక్కనెట్టు. నరికితే ఉప్పునీల్లు లోపలికెల్లిపోతాయి."

రెంచీ తెచ్చాడు. తీగ మూతిని నెమ్మదిగా, ఒక్కో చుట్టూ విప్పాడు. గుడ్డతో తుడిచాడు. మూత బిగించి, మైనం పూసి, తీగని చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. పచ్చదీపం ఆరిపోయింది. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి చూసుకుని మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. మా అప్ప ఆయన వీపు మీద చెయ్యి వేసింది. ఊరందరి ముందూ ఆమె అలా చెయ్యడం నేను మొదటిసారి చూశాను.

"ఊఁ," అన్నాడు నాతో. "సట్రం పట్టుకో. కుడితో మొదలెట్టు."

పౌర్ణమి

పడవలు వచ్చాయి. పెద్దవి, ఊరంతా పట్టేంత. వాటిలో ఖాళీ బల్లలు, ముగ్గురు పోలీసులు, ఒక ఆఫీసరు. నా వయసే ఉంటుంది. ఇస్త్రీ చొక్కా, జారుడు బూట్లు. మెట్లెక్కడానికి నేనే చెయ్యిచ్చాను.

ఏడుస్తూ ఎదురొస్తామనుకున్నట్టున్నాడు. ఆడవాళ్లు చేపలు ఎండబెడుతున్నారు, ఎవరూ తలెత్తలేదు.

"తీగ ఎందుకు పనిచెయ్యడం లేదు?"

"విప్పీసినాం," అన్నాడు బావ.

"ఎవరి అనుమతితో? ఈ మిషన్ మా ఆస్తి. పలక స్వాధీనం చేసుకోవాలి." స్టేషన్ వైపు అడుగు వేశాడు. గుమ్మంలో కారమ్మ వల పరిచి ముళ్లు వేస్తోంది. ఆమె పక్కన ఇంకో ఇద్దరు, వాళ్ల వెనక ఇంకా కొందరు, అందరూ వల మీదే కూర్చుని ఉన్నారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. వల తొక్కకుండా లోపలికి దారి లేదు, అంతే. పోలీసులు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆఫీసరు చేతి ఫోను తీశాడు. "పై ఆఫీసుని అడగాలి." నొక్కాడు. మళ్లీ నొక్కాడు. ఇక్కడ ఫోను పలికేది ఆ తీగ మీదే. అతను ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. ఒడ్డు నుంచి మాట రాకపోతే ఏం చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పలేదు. నాకు కొంచెం జాలేసింది, కొంచెమే.

మా అప్ప చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఇంటికొచ్చినవాడు కదా. అతను చెంబులోకి చూసి, మా వంక చూసి, తాగాడు. ఎండ దెబ్బకి ఇంకో చెంబు అడిగి తాగాడు. పోలీసులు అడక్కుండానే గొట్టం దగ్గరికి వెళ్లారు.

గవరయ్య మావ వాళ్లు వెళ్లిపోయారు. నాలుగు ఇళ్లవాళ్లు వెళ్లారు. అది కూడా రాయాలి. మావ పడవ ఎక్కబోతూ వెనక్కి వచ్చి నా మెడ పట్టుకుని ఊపాడు.

"నీ నోరు వినకుండా నాకక్కడ నిద్దరట్టదురా, దొంగసచ్చినోడా."

"పొయ్యి నీదే మావా. ఎప్పుడొచ్చినా ఇచ్చీత్తాను," అన్నాను. డబ్బా నిండా నీళ్లు పోసి పడవలో పెట్టాను.

పోటు తగ్గేలోపు వెళ్లాలని పడవవాళ్లు తొందరపెట్టారు. ఆఫీసరు ఆఖరిగా నా దగ్గరికి వచ్చాడు. ఎవడో ఒకడి పేరు పట్టుకెళ్లకపోతే అతను ఊరుకునేలా లేడు.

"పేరు?"

"మసేను."

"ఊరు?"

"మెరకపాలెం."

ఫోనులో దాచుకున్న జాబితాని వేలితో పైకీ కిందికీ వెతికాడు. తల అడ్డంగా ఊపాడు. "ఆ ఊరు తీసేశారు. ఈరోజు నుంచి అలాంటి ఊరేదీ లేదు."

"మరి నువ్వు నిల్సున్నది దేనిమీద బాబూ?" అన్నాను.

అతను కిందికి చూసుకున్నాడు.